డ్రమ్ము విప్పాకే సామాను రాయించండి
పికప్ వెనక చక్రాల్లో ఒరిపిడి శబ్దం మొదలైతే మన దగ్గర జరిగేవి రెండే: టమాటా లోడు మార్కెట్‌లో దించాక చూద్దాంలే అని బండి తోలేస్తారు, లేదంటే షెడ్డులో బ్రేకు డ్రమ్ము విప్పి చూడకుండానే బేరింగులూ షూలూ కలిపి సామాను జాబితాలో రాసేస్తారు. రెండూ తప్పే. శబ్దం ఎప్పుడొస్తోందో గమనిస్తే సగం జబ్బు అక్కడే దొరుకుతుంది. లోడెక్కాక, గుంతల్లో మాత్రమే వస్తే కమాన్ పట్టీలు కుంగి టైరు బాడీకి తగులుతోందేమో చూడాలి. వేగంతో పాటు పెరిగే గుర్రుమనే మోత మలుపుల్లో మారుతుంటే బేరింగును అనుమానించాలి. బ్రేకు తొక్కినప్పుడే గీరుకుంటుంటే లైనర్లు అరిగిపోయి ఇనుము డ్రమ్మును కోస్తూ ఉండొచ్చు. తొక్కకపోయినా ఒరుసుకుంటూ ఒక్క చక్రమే వేడెక్కుతుంటే హ్యాండ్‌బ్రేకు కేబులు పట్టేసిందేమో, షూలు వెనక్కి రావడం లేదేమో చూడాలి. చదును నేల మీద ముందు చక్రాలకు అడ్డుపెట్టి, వెనక ఇరుసును లేపి స్టాండ్ల మీద నిలిపి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వదిలి చక్రాన్ని చేత్తో తిప్పండి. చుట్టుకు ఒక్కచోటే తగిలితే డ్రమ్ము వంకరపోయి ఉండొచ్చు. చుట్టంతా పట్టేస్తుంటే షూలు బిగువుగా ఉన్నట్టు. విప్పిన డ్రమ్ములో నూనె తడి కనిపిస్తే, అది ఎక్కడ కారుతోందో తేల్చకుండా కొత్త షూలు వేయడం డబ్బు దండగ. మంచి మెకానిక్‌లు ఈ వరసలోనే వెతుకుతారు. అందుకే బండి యజమానులకు నా మనవి: "ముందు డ్రమ్ము విప్పి చూపించన్నా, తర్వాతే సామాను రాయి" అని గట్టిగా అడగండి. సంగతి తేలేదాకా ఆ బండికి లోడెత్తకండి.