తుంగభద్రాతీరమున పౌరసత్వ ప్రశ్న

బళ్లారి జిల్లా సిరుగుప్పనుండి తుంగభద్ర దాటి రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ప్రవేశించినవారికి వరిపొలముల నడుమ రెండు విధములైన క్యాంపులు కానవచ్చును. ఒకటి, తుంగభద్ర ఆనకట్ట నీటిని నమ్మి కోస్తా జిల్లాలనుండి వచ్చి భూములు కొని స్థిరపడిన ఆంధ్ర రైతులది. రెండవది, 1971 ప్రాంతమున తూర్పు పాకిస్తానునుండి తరలివచ్చిన బెంగాలీ కాందిశీకులకొఱకు ప్రభుత్వమువారే యేర్పఱచినది. మొదటివారిని పరదేశీయులని యెవరును అనరు. రెండవవారిలో అనేకులు అర్ధశతాబ్దము గడచినను పౌరసత్వపత్రము లేకయే కాలము గడపిరి. 2024 ఆగస్టులో వారిలో కొలదిమందికి మాత్రము పత్రములు లభించినవి.

అనుమతి లేక వచ్చినవారిని క్షమించి ఉంచుకొనవలెనా, దేశమునుండి వెడలింపవలెనా యను వివాదము రాజధానిలో మతప్రశ్నగా సాగుచున్నది. సరిహద్దు జిల్లాలవారికి అది ముఖ్యముగా కాలమునకు సంబంధించిన ప్రశ్న. బళ్లారివారు గీతలు మాఱుట చూచినవారే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రరాష్ట్రమున చేరినవి. బళ్లారి మైసూరునకు పోయినది. రాష్ట్రము మాఱినది గాని, ఆ రాత్రి ఎవరి పౌరసత్వమును పోలేదు.

శాసనము చేయుచున్న దేమో చూతము. 1971లో వచ్చి నేటికిని పౌరులుగా నమోదు కాని దంపతులకు ఇచ్చటనే ఇద్దఱు కుమారులు కలిగిరనుకొందము. 1985లో పుట్టిన పెద్దవాడు జన్మముచేతనే భారతీయుడు. 1990లో పుట్టిన రెండవవాడు కాడు. ఏలయన 1987 జూలై 1 మొదలుకొని తల్లిదండ్రులలో ఒకరైనను పౌరులై యుండవలెను. 2004 డిసెంబరు 3 తరువాత నిబంధన మఱింత బిగిసినది. తల్లిదండ్రులలో ఒకరు పౌరులైనను రెండవవారు అక్రమముగా ప్రవేశించినవారైనచో బిడ్డకు జన్మముచేత పౌరసత్వము లేదు. ఒకే యింట అన్న స్వదేశి, తమ్ముడు పరదేశి! ఈ తమ్ముని ఏ దేశమునకు పంపుదురు? బంగ్లాదేశమును అతడు కన్నులార చూచి యెఱుగడు.

బహిష్కారము కోరువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఒకసారి క్షమించిన మఱుసటి గుంపు దానికై కాచుకొనునని వారందురు. అమెరికావారు 1986 శాసనముచే 1982 జనవరి 1కి ముందునుండి నివసించుచున్నవారికిని, కొందఱు వ్యవసాయ కూలీలకును స్థిరనివాసపు హక్కు నొసంగిరి. సుమారు 27 లక్షలమంది లబ్ధి పొందిరి. తరువాతను అక్రమప్రవేశము ఆగలేదు. కూలిధరలు పడిపోవునను భయమును నిరాధారము కాదు. అయితే పత్రము లేనివానికి తక్కువ కూలి ఇచ్చుట మేస్త్రీకి సులభము. పోలీసు మాట యెత్తిన వాని నోరు మూతపడును. కూలిని దిగజార్చుటలో ఆ భయమునకును భాగము కలదు గదా!

ఇక వెడలించుటలోని ప్రమాదము. 1946 నాటి విదేశీయుల చట్టమువలెనే, దాని స్థానమున 2025 సెప్టెంబరు 1న అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టమును తాను విదేశీయుడను కానని నిరూపించు భారమును ఆ వ్యక్తిమీదనే మోపినది. 2025లో పశ్చిమ బెంగాలునకు చెందిన కొందఱు కూలీలను విదేశీయులని సరిహద్దు దాటించి, పిదప న్యాయస్థానములు కలుగజేసికొనగా మరల రప్పింపవలసి వచ్చినది. గనులకు, ఉక్కు కర్మాగారములకు, జీన్సు కుట్టు కార్ఖానాలకు దూరరాష్ట్రముల కూలీలు వచ్చుచుండు బళ్లారివంటి చోట, భాషను విని దేశము నిర్ణయించుట యెంత అపాయకరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ విషయమున తెలుగువారికి స్వానుభవము కొఱవడలేదు. 1930లో రంగూను రేవున తెలుగు కూలీలపై దాడులు జరిగినవి. 1964లో బర్మా ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేసిన పిమ్మట వేలాది కుటుంబములు కట్టుబట్టలతో తిరిగివచ్చినవి. విశాఖపట్టణమున బర్మా క్యాంపు నేటికిని ఆ పేరుతోనే యున్నది. 2024లో కువైటు, ఎమిరేట్సు ప్రభుత్వములు గడువు మీఱిన వలసకూలీలకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మన పల్లెలలో సంతోషించిరి. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్లతో సైనికవిమానమున అమృతసరమునకు పంపగా పార్లమెంటులో ఆగ్రహము వెల్లువయ్యెను. అన్యదేశములనుండి మనవారికై కోరు మర్యాదను మన గడ్డపై అన్యులకు నిరాకరించుట మాకు న్యాయముగ తోచదు.

మా యభిప్రాయమున నిన్న దళారుల వెంట సరిహద్దు దాటినవానిని, ఈ గడ్డపై ఏబదియేండ్లు దున్నినవానిని ఒకే త్రాసున తూచరాదు. మొదటివాని జాతీయతను అతని ప్రభుత్వము అంగీకరించిన తరువాత, న్యాయాధికారి విచారించి పంపవచ్చును. రెండవవానికిని, ఇచ్చట పుట్టిన బిడ్డలకును నివాసకాలమే ప్రమాణము కావలెను. 2019 సవరణ మూడు దేశములను, ఆఱు మతములను, 2014 డిసెంబరు 31వ తేదీని హద్దుగా పెట్టినది. సింధనూరువారికి అది ద్వారము తెఱచిన మాట నిజమే. కాని అదేకాలము నివసించిన మఱియొకనికి, మతము వేఱగుటచేత, ఆ ద్వారము మూసియుండుటకు సమాధానము లేదు.

తెఱచిన ద్వారమునందును చిక్కులున్నవి. 2024 మార్చి 11న ప్రకటించిన నియమముల ప్రకారము అర్జీదారుడు తాను విదేశమునుండి వచ్చితినని మొదట ఒప్పుకొనవలెను; తానో, తాతతండ్రులో ఆ దేశమువారని తెలుపు పత్రము చూపవలెను; వచ్చిన తేదీకి సాక్ష్యము పెట్టవలెను. ప్రాణములు దక్కించుకొని పరుగెత్తినవాడు పెట్టెలో దస్తావేజులు సర్దుకొనునా? అర్జీ త్రోసివేయబడినచో తన యొప్పుకోలే తనకు శత్రువగునని పలువురు సంశయించుటలో వింత లేదు. శిబిరములు పెట్టినది ప్రభుత్వమే, భూములు పంచినది ప్రభుత్వమే. శిబిరపు రికార్డులలో పేరున్న కుటుంబమును మఱియొక సాక్ష్యము అడుగక నమోదు చేయుటకు నియమములలో ఒక్క వాక్యము చేర్చిన చాలును. అట్టి వాక్యములు వ్రాయు కార్యాలయములలోను, వాదించు న్యాయస్థానములలోను మన పాఠకులు పలువురున్నారు.