తీగ పాకం సిలబస్‌లో ఎందుకు లేదు?

క్రిస్టలైన్ సాలిడ్‌కి ఉదాహరణ చెప్పమంటే క్వార్ట్జ్ అంటాం, అమార్ఫస్‌కి గాజు అంటాం. ఇంటర్‌లో బట్టీ పట్టిన రెండు మాటలు, అక్కడితో ఆగిపోతాం. నిజామాబాద్‌లో చదివినవాళ్లం కూడా అంతే. బోధన్ ఇక్కడికి ఓ పాతిక కిలోమీటర్లు. అయినా చక్కెర పేరు ఎవరికీ గుర్తురాదు.

అసలు కెమిస్ట్రీ అక్కడే ఉంది. రూమ్ టెంపరేచర్‌లో లీటరు నీళ్లలో దాదాపు రెండు కిలోల చక్కెర కరుగుతుంది. వేడి చేస్తే ఇంకా చాలా కరుగుతుంది. కానీ చెరుకు రసాన్ని మామూలుగా మరిగిస్తూ చిక్కబరిస్తే రంగు మారి మాడుతుంది. అందుకే ఫ్యాక్టరీలో వాక్యూమ్ పాన్‌లో పెడతారు. పైన ప్రెషర్ తగ్గిస్తే ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది, దాదాపు 70 డిగ్రీలకే. వేపర్ ప్రెషర్ అని మనం డెఫినిషన్ రాసి వదిలేసింది ఇదే. సిరప్ సూపర్ సాచురేటెడ్ అయ్యాక మెత్తటి చక్కెర పొడిని విత్తనంలా వేస్తారు. దాని చుట్టూ స్ఫటికాలు పెరుగుతాయి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే చక్కెర ఒకవైపు, జిగట మొలాసిస్ ఒకవైపు.

ఇక మన వంటింట్లో విస్కాసిటీకి పూర్తి స్కేలే ఉంది: లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం. బూంది లడ్డుకి తీగ సాగిందా అని రెండు వేళ్ల మధ్య చూస్తారు. అరిసెలకైతే పళ్లెంలో నీళ్లు పోసి అందులో ఒక చుక్క వేసి చూస్తారు. పాకం గడ్డకట్టకుండా నిమ్మరసం పిండుతారు. ఆమ్లం కొంత సుక్రోజ్‌ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది, అవి అడ్డుపడి స్ఫటికాన్ని కుదురుగా పెరగనివ్వవు. జాతరలో కొనే పీచుమిఠాయి అయితే అచ్చమైన అమార్ఫస్ సాలిడ్. కరిగిన చక్కెర గాలిలో ఎంత తొందరగా చల్లబడుతుందంటే, అణువులకు వరుసలో నిలబడే టైమే దొరకదు. (క్వార్ట్జ్ కంటే ఇది ఎంత బాగుందో మీరే చెప్పండి.)

ఎగ్జామ్‌ల 'తీగ పాకం' అని రాస్తే మార్కులు పడతయా అని మా ఫ్రెండ్స్ అడుగుతరు. పడవు. నా కోపం కూడా దాని మీదే. స్నిగ్ధత అనే మాట తెలుగు మీడియం పుస్తకంలో ఉంది, విస్కాసిటీ మన పుస్తకంలో ఉంది. రెండూ పాకం పట్టే చేతుల దాకా రాలేదు. ల్యాబ్‌లో ఒక స్టవ్, ఒక థర్మామీటర్, కిలో చక్కెర పెట్టి ఏ పాకం ఎన్ని డిగ్రీల దగ్గర వస్తుందో రాయిస్తే ఒక మంచి ప్రాక్టికల్ అయితది. ఖర్చు టైట్రేషన్ కంటే ఎక్కువేం కాదు.

ఇప్పుడే ఎందుకు అంటారేమో. నిజాంసాగర్ నీళ్లతో, చెరుకుతో బతికిన బోధన్ ప్రాంతంలో నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది. మళ్లీ తెరవాలన్న డిమాండ్ రైతులది, కార్మికులది. దాని మీద నాలాంటివాడు చెప్పేది తక్కువ. కానీ పాన్ దగ్గర నిలబడి నమూనా తీసి, గాజు పలక మీద గింజ చూసి, వేళ్ల మధ్య సాగదీసి "ఇక చాలు" అని చెప్పడం ఒక విద్య. అది చేసినవాళ్లకు వయసు పైబడుతోంది. వాళ్లు వాడిన మాటలు ఏ డిక్షనరీలో ఉన్నాయి?

మన క్లబ్ ప్రతి ఏడాది కవితల పోటీ పెడుతుంది, మంచిదే. ఈసారి సెమిస్టర్ సెలవుల్లో నలుగురం ఫోన్ రికార్డర్‌తో శక్కర్‌నగర్ పోదాం. రికార్డింగులు టైప్ చేసే పని నేను తీసుకుంటా.