పిల్ల మొహం తిప్పుకుంటే...

ఊరెళ్లిన అమ్మ నాలుగు రోజులకి తిరిగొస్తే పిల్ల మొహం తిప్పేసుకుంటుంది. ‘అప్పుడే మర్చిపోయిందే!’ అని నవ్వేస్తాం. మర్చిపోవడం కాదండీ, అది దిగులు. 1950ల మొదట్లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన లండన్‌లో ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండేళ్ల పాపని ఫిల్మ్ తీశారు. అక్కడ అప్పట్లో అమ్మానాన్నా కాసేపు చూసి వెళ్లిపోవాల్సిందే. (మనమైతే మంచం పక్కన చాపేసుకునైనా ఉంటాం!) పెద్దగా ఏడవని ఆ పాప, పోనుపోను అమ్మ వచ్చినా ముభావంగా ఉండిపోయింది.

జాన్ బౌల్బీ అనే డాక్టరు చెప్పిన ఈ అనుబంధం సంగతి మీద నడిచే కౌన్సెలింగ్‌లో అందుకే తల్లినీ పక్కన కూర్చోబెడతారు. తప్పెవరిదని తేల్చరు. ‘చిన్నప్పుడు మీరేడిస్తే ఎవరు దగ్గరికి తీసేవారు?’ అనీ అడుగుతారు. నాకైతే ఆ ప్రశ్నే అసలైందనిపిస్తుంది.

మీ పిల్ల అలా చేస్తే కసరకండి. పొయ్యి కట్టేసి, ఊరికే పక్కన కూర్చోండి.