జమాఖర్చుల పాట

గుడి కట్టించినవాడు జైలుకెళ్లాడు. ఆయన కథను సినిమాగా తీసినవాడు ఆర్థికంగా చితికిపోయాడు. ఇద్దరి కష్టంలోంచీ మనకు మిగిలింది పాట.

కష్టం తర్వాత వచ్చే పాటకు బలం ఎక్కువేమో! రాక్ సంగీతాన్నే చూడండి. 1980 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా బృందం ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్ హఠాత్తుగా చనిపోయాడు. ఇక ఆ బృందం పని అయిపోయిందనే అనిపించింది. ఐదు నెలలు దాటగానే కొత్త గాయకుడితో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఆల్బమ్ తెచ్చారు. పోయినవాడికి గుర్తుగా అట్టంతా నలుపు. మొదటి పాటకు ముందు గంట మోత. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో ఇప్పటికీ అదొకటి. అలాంటి కథ మనకూ ఉంది. అది మొదలైంది భద్రాచలం అడవిలో.

పదిహేడో శతాబ్దం. ఖమ్మం దగ్గరి నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. గోదావరి ఒడ్డున దమ్మక్క అనే అడవిబిడ్డ రాముడికి పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెడుతోందని స్థలపురాణం చెబుతుంది. ఆ పందిరి స్థానంలో గోపన్న గుడి కట్టించాడు. వసూలైన శిస్తు సొమ్ము అందులో ఖర్చయింది. గోల్కొండ నవాబు తానీషా లెక్క అడిగాడు. చెప్పడానికి లెక్క ఉంది, కట్టడానికి డబ్బు లేదు. పన్నెండేళ్లు కోటలో బందీ అయ్యాడు.

ఆ చెరలో పుట్టాయంటున్న కీర్తనలు వింటే ఒక విషయం తమాషాగా తోస్తుంది. అందులో ఏడుపుకన్నా జమాఖర్చులే ఎక్కువ! సీతమ్మకు ఏ నగ చేయించాడో, లక్ష్మణుడికి ఏది పెట్టాడో, దేనికి ఎంతయిందో వరసగా ఏకరువు పెడతాడు. ఎవరి సొమ్ముతో ఇంత వైభోగమని సాక్షాత్తూ దేవుడినే నిలదీస్తాడు. ఆ వెంటనే, నొప్పి తట్టుకోలేక నోరు జారానని కాళ్లమీద పడతాడు. తహసీల్దారు కదా, మొర కూడా దస్త్రంలాగే పెట్టుకున్నాడు. బయటివాడిని వేడుకున్నట్టు ఉండదది. ఇంట్లో పెద్దాయనతో పోట్లాడినట్టు ఉంటుంది. అందుకే మూడు వందల ఏళ్లు దాటినా మనింట్లో మాటలాగే వినిపిస్తుంది.

చివరికి రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపించారని కథ.

ఆ కథను తెరకెక్కించాలని చిత్తూరు నాగయ్య సంకల్పించారు. ‘పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’లతో ఆయన తెలుగువారి ఇళ్లలో పూజలందుకున్నంత పనయింది. సంపాదించింది ఎంతో, దానం చేసింది అంతకుమించి. ‘రామదాసు’ మొదలుపెట్టేనాటికి ఆ మంచి రోజులు వెనకబడ్డాయి. నిర్మాణం, దర్శకత్వం, ప్రధాన పాత్ర అన్నీ తనే. డబ్బు సమకూరినప్పుడు కదలడం, లేనప్పుడు ఆగడం... అలా ఏళ్లు గడిచాయి. అయినా పాట దగ్గర రాజీపడలేదు. కబీరు పాత్ర వేసిన గుమ్మడికి మహమ్మద్ రఫీ చేత పాడించారు.

1964లో సినిమా విడుదలైంది. అప్పటికి నాగయ్యకు అరవై ఏళ్లు. జాతీయ అవార్డుల్లో యోగ్యతాపత్రం దక్కింది. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. తెరమీద రామదాసు బాకీ తీర్చడానికి దేవుడొచ్చాడు. తెర వెనక నాగయ్య కోసం ఎవరూ మారువేషంలో రాలేదు. ఒకనాడు లక్ష రూపాయల పారితోషికం అందుకున్న ఆ నటుడు, చిన్నాచితకా వేషాలతో చివరి రోజులు నెట్టుకొచ్చారు. 1973 డిసెంబరు 30న కన్నుమూశారు.

మరి ఆ శ్రమంతా వృథాయేనా? రామదాసు కీర్తనలు ఎక్కడా ఆగలేదు. భజన మందిరాల్లో సాగాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో రేడియో ద్వారా ఇంటింటికీ చేరాయి. 2006లో కె.రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’గా మళ్లీ తెరకెక్కాయి. కీరవాణి సంగీతం, నాగార్జున రామదాసు, అక్కినేని నాగేశ్వరరావు కబీరు. ఈసారి జనం థియేటర్లకు బారులు తీరారు. నాగయ్యకు దక్కని విజయం ఆ పాటలకు దక్కింది.

ఏటా శ్రీరామనవమినాడు భద్రాచలంలో కల్యాణం జరుగుతుంది. ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వస్తాయి. నాడు బందీని చేసిన సర్కారు తాలూకు సంప్రదాయమే అది. రామదాసు చేయించిన నగలను ఆ రోజు దేవుడికి అలంకరిస్తారు. ఖర్చు రాసుకున్న మనిషి లేడు. అడిగిన నవాబూ లేడు. ఆ నగల లెక్క చెప్పే పాట మాత్రం మండపం చుట్టూ వినిపిస్తూనే ఉంటుంది.