రెండో పుస్తకం చదువుతున్న పిల్లలకు

ప్రియమైన అమ్మాయిలకు, అబ్బాయిలకు,



మీరు రాత్రిళ్లు నిద్ర మానుకుని చదువుతున్న పుస్తకాలు నేనూ చదువుతున్నాను. శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనదాన్ని. పాఠకుల చేతుల్లో ఏ పుస్తకం నలుగుతోందో చూసే అలవాటు ఉద్యోగంతో పాటు పోలేదు. ఈ మధ్యే హాలీ బ్లాక్ రాసిన ‘ది వికెడ్ కింగ్’ పూర్తిచేశాను. మూడు పుస్తకాల వరుసలో ఇది రెండోది. 2018 జనవరిలో ‘ది క్రూయల్ ప్రిన్స్’, 2019 జనవరిలో ఇది, అదే ఏడాది నవంబరులో ‘ది క్వీన్ ఆఫ్ నథింగ్’ వచ్చాయి. ఈ రెండో పుస్తకం గురించి మీతో మాట్లాడాలని ఉంది. ఇంకా చదవనివాళ్లు ఈ ఉత్తరాన్ని దాచుకుని, పుస్తకం అయ్యాక తీయండి. కథ చివరిదాకా వెళ్లక తప్పదు నాకు.

వరుస నవలలు చదివేటప్పుడు రెండోదాన్ని గబగబా దాటేసేవాళ్లు ఎక్కువ. మొదటిదాంట్లో కొత్త లోకం పరిచయమవుతుంది, చివరిదాంట్లో చిక్కులన్నీ విడిపోతాయి, మధ్యది ఎలాగోలా అయిపోతే చాలనిపిస్తుంది. నా మాట విని అక్కడ నెమ్మదించండి. రామాయణంలో రెండోది అయోధ్యాకాండ. పట్టాభిషేకానికి ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో ఇచ్చిన మాట అడ్డుపడి, కొడుకు అడవికి వెళ్లేది అందులోనే. భారతంలో రెండోది సభాపర్వం. రాజసూయం చేసి అందరి చేతా సామ్రాట్టు అనిపించుకున్న ధర్మరాజు ఆ పర్వం ముగిసేలోపే పాచికల దగ్గర సర్వం ఒడ్డి ఓడిపోతాడు. సంపాదించుకున్నది చేతికొచ్చాక మనిషి ఏం చేస్తాడన్నది రెండో భాగంలోనే తేలుతుంది. హాలీ బ్లాక్ నవలలోనూ ఇచ్చిన మాట ఉంది, సింహాసనం ఉంది, చివర్లో వనవాసం లాంటి బహిష్కారమూ ఉంది.

మొదటి పుస్తకం ఎక్కడ ఆగిందో గుర్తు చేసుకుందాం. జూడ్ మామూలు మనిషి పిల్ల. ఏడేళ్ల వయసులో ఆమె కళ్లెదుటే మాడక్ అనే సేనాపతి తల్లినీ తండ్రినీ నరికేసి, ముగ్గురు అక్కచెల్లెళ్లనూ ఫెయిరీల రాజ్యమైన ఎల్ఫ్‌హేమ్‌కి తీసుకుపోయి పెంచుతాడు. ఈ ఫెయిరీలు మన చందమామ పత్రిక బొమ్మల్లో కనిపించిన దేవకన్యల్లాంటివాళ్లు కారు. బ్రిటన్, ఐర్లండ్ పల్లెల్లో జనం భయపడుతూ చెప్పుకున్న జాతి. మాడక్ రెడ్‌క్యాప్ తెగవాడు. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కథల్లో రెడ్‌క్యాప్ అంటే చంపినవాళ్ల నెత్తుటిలో టోపీ ముంచుకునేవాడు. ఫెయిరీ జాతికి మనుషుల్ని మంత్రంతో లొంగదీసుకునే శక్తి ఉంది. ఒక బలహీనతా ఉంది: అబద్ధం ఆడలేరు. జూడ్ ఆడగలదు. ఆ ఒక్క ఆయుధంతోనూ, మాడక్ నేర్పిన కత్తితోనూ ఆమె నెగ్గుకొస్తుంది. తనను ఏళ్ల తరబడి ఏడిపించిన చిన్న రాకుమారుడు కార్డన్ చేత ఏడాది మీద ఒక రోజు పాటు తన ఆజ్ఞకు లోబడి ఉంటానని ప్రమాణం చేయించి, అతనికి తెలియకుండానే అతన్ని సింహాసనం ఎక్కిస్తుంది. తమ్ముడు ఓక్ ఆ గద్దెకు తగినంత ఎదిగేదాకా దాన్ని కాపాడాలన్నది ఆమె పథకం.

రెండో పుస్తకం మొదలయ్యేసరికి ఆ గడువులో అయిదు నెలలు ఖర్చయిపోయాయి. లోకానికి కార్డన్ రాజు, జూడ్ అతని మంత్రి. లోపల మాత్రం ఆమె చెప్పినట్టు అతను నడుచుకోవాలి. ఇద్దరి మధ్యా ఇష్టం పెరుగుతోంది. అసలు చిక్కు ఇక్కడే. అతను దగ్గరికి వస్తే తనంతట తాను వచ్చాడా, ఆమె రమ్మన్నందుకు వచ్చాడా? మాట వింటే గౌరవం వల్ల విన్నాడా, ప్రమాణం వల్ల విన్నాడా? కార్డన్ అబద్ధం ఆడలేడు, అయినా అతని మనసు ఆమెకు తెలియదు. తెలుసుకునే దారిని తానే మూసేసింది. కాదనే వీలు లేని మనిషి చెప్పే అవునుకు విలువ ఎంత? ఈ నవల నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడింది. అందుకే దీన్ని కాలక్షేపం పుస్తకంగా పక్కన పెట్టలేకపోయాను.

రచయిత్రి ఆ ప్రశ్నను ఊరికే వదల్లేదు. నవల మధ్యలో సముద్రగర్భంలోని రాజ్యం జూడ్‌ని ఎత్తుకుపోతుంది. ఆ భాగాన్ని మాత్రం నిదానంగా చదవండి. అక్కడ చలి, ఆకలి, ఒంటరితనం. కార్డన్ పెద్దన్న బేలకిన్ ఆ రాజ్యంతో చేతులు కలిపి ఉంటాడు. ఆమె మంత్రానికి లొంగిపోయిందని వాళ్లంతా అనుకుంటున్నారు. నిజానికి మొదటి పుస్తకంలో పొందిన ఒక వరం వల్ల ఏ మంత్రమూ ఆమె మీద పనిచేయదు. ఆ సంగతి బయటపడితే ప్రాణాలు దక్కవు. అందుకని లొంగినట్టే నటించాలి. కూర్చోమంటే కూర్చోవాలి, నవ్వమంటే నవ్వాలి, ఎంత అవమానించినా కనుబొమ్మ కూడా కదలకూడదు. రోజులు వారాలవుతాయి. పై లోకంలో రాజు మీదే పెత్తనం చేసిన పిల్ల ఆజ్ఞకు అవతలివైపు ఉండటం ఎలా ఉంటుందో అక్కడ ఒళ్లంతా తెలుసుకుంటుంది. మొదటి పుస్తకంలో ఆమె చాటుగా చూసిన దృశ్యం మీకు గుర్తుండాలి. ఇదే బేలకిన్ తమ్ముణ్ణి కొట్టిస్తాడు, అదీ మంత్రంలో ఉన్న ఒక మనిషి చేత. కొట్టేవాడికీ ఇష్టం లేదు, దెబ్బలు తినేవాడికీ దిక్కు లేదు. కార్డన్ పెరిగింది ఆ ఇంట్లో. జూడ్ ఆ పాట్లు పడుతుంటే ఈ దృశ్యం గుర్తొచ్చి, ఆమె చేయించిన ప్రమాణం ఎలాంటి మనిషి మీద పడిందో పాఠకులకు అర్థమవుతుంది.

ఇంకో సంగతి గమనించండి. జూడ్ సముద్రం అడుగున ఉన్నన్నాళ్లూ ఆమె కొత్త ఆజ్ఞ ఏదీ కార్డన్‌కి చేరదు. ఆమె తిరిగి రాకపోతే అతని మెడ మీది కాడి తానే ఊడిపోతుంది. అయినా సముద్రరాణి ఓర్లాగ్‌తో బేరానికి దిగి ఆమెను విడిపించుకుంటాడు. చేయమని ఎవరూ చెప్పని పని అది. నెలల తరబడి ఎన్ని ఆజ్ఞలిచ్చినా దొరకని జవాబు ఆ ఒక్క పనిలో దొరుకుతుంది. విచిత్రం ఏమిటంటే, జూడ్ దాన్ని చూసి కూడా నమ్మలేదు. ఇన్నాళ్లూ పగ్గం చేత్తో పట్టుకుని బతికినదానికి పగ్గం లేని ప్రేమ మీద నమ్మకం కుదరదు. అది ఆమె తప్పని నేననను. తల్లిదండ్రుల హత్య చూసిన పిల్ల, చుట్టూ తనకంటే బలవంతుల మధ్య పెరిగిన పిల్ల అధికారంలోనే భద్రత వెతుక్కుంటుంది. ఆ భయాన్ని హాలీ బ్లాక్ ఎక్కడా చులకన చేయలేదు.

మాడక్ గురించి ఒక మాట చెప్పాలి. అతను హంతకుడు. జూడ్‌కి కత్తి పట్టడం, ఎత్తు వేయడం నేర్పిన తండ్రి కూడా అతనే. తనదైన పద్ధతిలో ఆ పిల్లల్ని ప్రేమిస్తాడు, ఆ ప్రేమ బూటకం కాదు. ఓక్‌ని అడ్డం పెట్టుకుని రాజ్యం ఏలాలని చూసేదీ అతనే. ప్రేమించేవాళ్లు హాని చేయరని మనకు చిన్నప్పట్నుంచీ చెబుతారు. ఈ పుస్తకం ఆ మాటను ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. మన ఇళ్లలోనూ ఆజ్ఞాపించడమే ప్రేమ అనుకునే పెద్దవాళ్లు ఉన్నారు. ఏ కోర్సు చదవాలో, ఎవరితో స్నేహం చేయాలో, ఎవర్ని పెళ్లాడాలో వాళ్లే తేల్చేసి, పిల్లలు తలూపితే మా మాట జవదాటరని మురిసిపోతారు. ఆ తలూపడం వెనక ఏముందో వాళ్లకు ఏనాడూ తెలియదు. ఈ ఉత్తరం పెద్దవాళ్ల కంటపడితే ఈ పేరా మాత్రం రెండుసార్లు చదవమని నా విన్నపం.

ఇక మీ విషయానికి వస్తాను. మీ చేత ఫెయిరీ లోకపు ప్రమాణాలు ఎవరూ చేయించరు. మరో రకం ప్రమాణాలు అడుగుతారు. ఫోన్ పాస్‌వర్డ్ చెప్పు. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టు. ఆ అమ్మాయితో మాట్లాడకు. ఆ ఫోటో తీసేయ్. నా మీద ప్రేముంటే ఇది చెయ్. అడిగేవాళ్లలో అబ్బాయిలూ ఉన్నారు, అమ్మాయిలూ ఉన్నారు. చాలామంది చెడ్డవాళ్లేం కారు, జూడ్ లాగే భయపడుతున్నవాళ్లు. పోగొట్టుకుంటామనే భయంతో ఎదుటి మనిషి చుట్టూ కంచె కడతారు. కంచె కట్టాక ఆ మనిషి ప్రేమతో ఉన్నాడో, దాటలేక ఉన్నాడో తేల్చుకోలేరు. దాంతో అనుమానం పెరుగుతుంది, కంచె ఇంకా ఎత్తు పెంచుతారు. జూడ్ ఏడాది గడువు చాలక ఇంకా పొడిగించుకునే ఉపాయాలు వెతికింది చూశారా, సరిగ్గా అదే వరస.

కార్డన్ మొదట్లో చేసిన క్రూరత్వం గురించీ తేటగా చెప్పాలి. కథలో అతను మారతాడు, మారడానికి కారణాలూ కనబడతాయి. అంతమాత్రాన మిమ్మల్ని క్లాసులో నలుగురి ముందు ఏడిపించేవాడు, వెంటపడి వేధించేవాడు లోపల్లోపల ప్రేమిస్తున్నాడని అర్థం చేసుకోకండి. నవలలో రచయిత్రి కాపలా ఉంటుంది. జీవితంలో ఆ కాపలా ఉండదు. వేధింపును వేధింపుగానే లెక్కపెట్టండి, ఇంట్లోనో కాలేజీలోనో నమ్మకమున్న పెద్దవాళ్లకు వెంటనే చెప్పండి.

చివరి అధ్యాయాలు చదివి మీలో చాలామంది కోపంతో పుస్తకం విసిరి ఉంటారు. ప్రమాణం నుంచి విడిపిస్తే పెళ్లి చేసుకుంటానంటాడు కార్డన్. ఆమె విడిపిస్తుంది. పెళ్లి అవుతుంది, ఎవరికీ తెలియకుండా. ఆ వెంటనే, సముద్రరాజ్యం రాయబారిగా ఉన్న బేలకిన్‌ని చంపినందుకు, అందరి ముందూ ఆమెను మనుషుల లోకానికి వెళ్లగొడతాడు. ద్రోహమనే అనిపిస్తుంది. కానీ ఆ శిక్ష చెప్పిన వాక్యాన్ని మళ్లీ తీసి చూడండి. చెప్పినవాడు అబద్ధం ఆడలేని జాతివాడు. అలాంటివాళ్ల నోట ప్రతి మాటా దస్తావేజులో మాటంత లెక్కగా పడుతుంది. ఆ వాక్యంలో ఒక షరతు ఉంది. షరతులో ఒక మాట ఉంది. అదేమిటో నేను విప్పను, మూడో పుస్తకం తెరవకముందే మీరు పట్టుకోవాలి. ఇతరుల మాటల్లో సందులు వెతికి రాజ్యాన్నే చేజిక్కించుకున్న జూడ్, మనసు గాయపడిన క్షణంలో ఆ ఒక్క వాక్యాన్ని సరిగా వినలేకపోతుంది. కోపంలో ఉన్నప్పుడు విన్నదాన్ని చల్లబడ్డాక మళ్లీ వినాలి. ఆ ఓపిక స్నేహాలనూ కాపురాలనూ నిలబెడుతుంది.

ఇలాంటి పుస్తకాలు చదివితే చెడిపోతారనేవాళ్లు మీ చుట్టూ ఉంటారు. మీ అమ్మమ్మలు వారపత్రికల్లో సీరియల్ చదువుతున్నప్పుడూ ఇదే మాట అన్నారు. వాళ్లు మానలేదు. వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా విడదీసి, బైండు చేయించి, ఇంటింటికీ పంచుకుని చదువుకున్నారు. ఆడపిల్లకు తనదంటూ ఒక అభిమానం ఉంటుందని, దాన్ని పోగొట్టుకోకుండా ప్రేమించవచ్చని వాళ్లకు చెప్పింది యద్దనపూడి సులోచనారాణి నవలలే. చందమామలో ‘తోకచుక్క’ లాంటి దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల కోసం నెలంతా కాచుకున్న పిల్లలు తరవాత మంచి చదువరులయ్యారు. కాబట్టి సిగ్గుపడకుండా చదవండి. ఇంగ్లీషులో చదివినదాన్ని ఇంట్లో తెలుగులో చెప్పండి. రాత్రి అన్నాల దగ్గర మీ అమ్మకు జూడ్ కథ చెప్పి, నువ్వయితే ఆ ప్రమాణం విడిచిపెట్టేదానివా అని అడగండి. ఆమె ఇచ్చే జవాబు మీరు ఊహించినది అయ్యుండకపోవచ్చు.

ఒక పని చెబుతాను. ఈ పుస్తకం రెండోసారి చదివేటప్పుడు ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. జూడ్ ఇచ్చే ప్రతి ఆజ్ఞనూ ఒకవైపు రాయండి, దానివల్ల ఆమెకు దక్కినది ఎదురుగా రాయండి. ఎవరూ చెప్పకుండా ఒకరి కోసం ఒకరు చేసిన పనులు ఇంకో పేజీలో రాయండి. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చూశాక మూడో పుస్తకం తెరవండి.

మీరు ప్రేమించేవాళ్లకు కాదనే స్వేచ్ఛ ఉండనివ్వండి. వాళ్లు కాదన్నప్పుడు బాధపడండి, అలగండి, మాట్లాడుకోండి, శిక్షించకండి. మీకు కాదనే స్వేచ్ఛ లేని చోట ఎంత ప్రేమ కురిసినా అక్కడ ఉండకండి. అక్కడి నుంచి బయటికి రావడానికి ధైర్యం చాలకపోతే మాలాంటి పెద్దవాళ్లను ఒక్కసారి అడగండి. తప్పొప్పులు తరవాత తేల్చుకుందాం, ముందు మీ పక్కన నిలబడతాం.

మీ మేలు కోరే,
ఒక విశ్రాంత గ్రంథపాలకురాలు