మన తాళపుచెవి యెవరి మొలనున్నది?

అచ్చంపేటలోని యొక కార్యాలయమున కంప్యూటరు మొరాయించెననుకొందము. దానిని బాగుచేయువాడు జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో నున్నాడు. అతడు బస్సెక్కి రానక్కరలేదు. ఉన్నచోటనే కూర్చుండి, యిచటి తెరను తన తెరపై జూచి, మీటలు నొక్కి లోపమును సవరింపగలడు. సౌకర్యము మెచ్చదగినదే. కాని యీ రెండూళ్ల నడుమ ఆ పని యే దారిని బోవుచున్నదో విచారించినవా రెందరు?

పేరుపొందిన టీంవ్యూయరు, ఎనీడెస్కు రెండును జర్మనీదేశపు కంపెనీలవి. సాధారణముగ రెండు యంత్రములను కలుపు మధ్యవర్తి సర్వరు ఆ కంపెనీల యధీనమున నుండును. వృత్తిపనికి వాడువారు చందా కట్టవలెను. చందా నిలిచెనా, దారి మూతపడును.

పల్నాటివారికి పుల్లరి మాట క్రొత్తది గాదు. అడవిలో పశువులు మేసినందుకు దొరతనము పన్ను కోరగా, దాని నెదిరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు బలియయ్యెను. చందా మనమిష్టపడి కట్టునది. దానిని ఆ పన్నుతో సమము చేయుట మా యుద్దేశము గాదు. అయినను మన యూరినుండి మన యూరికి బోవుటకు పరుల యనుమతి వేడు నలవాటు మనకు వింతగా దోచకుండుటయే వింత!

సుంకముకంటె భయము పెద్దది. 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్కువారు తమ సర్వర్లలోనికి దొంగలు చొరబడిరని తామే ప్రకటించిరి. ఆ యేటనే జూనులో టీంవ్యూయరువారి కార్యాలయపు యంత్రములలోను చొరబాటు జరిగెను. ఖాతాదారులకు హాని కలుగలేదని వారు చెప్పిరి. 2025 జూలైలో ఐరోపావారి యాంక్షల నెపమున మైక్రోసాఫ్టువారు, గుజరాతున చమురుశుద్ధి కర్మాగారముగల నయారా ఎనర్జీకి సేవలు నిలిపివేసిరి. డబ్బు చెల్లించియుంటిమని మొరపెట్టి ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిన పిమ్మటగాని నయారాకు సేవలు మరల దొరకలేదు. పెద్ద కర్మాగారమునకే యీ గతియైన, అచ్చంపేట గతి యేమి?

మార్గాంతరము కలదు. రస్ట్‌డెస్కు, మెష్‌సెంట్రలు అను ఓపెన్‌సోర్సు సాఫ్ట్‌వేర్ల మూలరచనను ఎవ్వరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును. మధ్యవర్తి సర్వరును నరసరావుపేటలోనే నిలుపుకొనవచ్చును. వానిని వ్రాసినవాడే దేశస్థుడైన నేమి? తాళపుచెవి మనచేతనుండుటయే స్వదేశి.

“దానిని కాపాడువారెవ్వరు?” అందురు. ప్రశ్న న్యాయమే. 2024 ఫిబ్రవరిలో స్క్రీన్‌కనెక్టు అను సాఫ్ట్‌వేరున లోపము బయటపడగా, కంపెనీవారు తమ సర్వర్లను తామే సరిచేసికొనిరి. స్వంత సర్వర్లు పెట్టుకొని సవరణ వేయక జాగుచేసినవారు దోపిడికి లోనైరి. ఇల్లు కట్టి తలుపు వేయనివాని నెవరును రక్షింపజాలరు. కావున సర్వరుతోపాటు బాధ్యుడైన మనిషిని, అతనికి జీతమును ఏర్పరుపవలెను. లోకమందలి కంపెనీల యంత్రములను కనిపెట్టుచున్న తెలుగు యువకులు సొంత జిల్లా యంత్రములను కాపాడలేరా?

ప్రభుత్వ కార్యాలయములలో ఓపెన్‌సోర్సునకు ప్రాధాన్యమీయవలెనని కేంద్ర ప్రభుత్వము 2015లోనే విధానము ప్రకటించెను. ఇక కావలసినది ఆచరణము. ఈసారి చందా కాగితము బల్లమీదికి వచ్చినపుడు అధికారులు, వర్తకులు, సహకార సంఘములవారు మూడు ప్రశ్నలు వేయుదురుగాక: సర్వరెచట నున్నది? తాళపుచెవి యెవరిది? రేపు వారు తలుపు మూసిన మన దారి యేది? సమాధానము దొరకనిచో సంతకము చేయకుడు.