గీటు ఒక్కటే చాలు

మా హుస్సేనీ ఆలం గల్లీలలో పాత ఇండ్ల షాబాదు బండలు లేచిపోయి, వాటి చోట పోర్సిలిన్ పలకలు వచ్చుచున్నవి. వాటితోపాటే తెల్లని దుమ్ము. తిన్నని కోతకు సైతము కరెంటు మిషను పట్టుటయే ఇందుకు కారణము.

ఆ దుమ్ములో సిలికా ఉన్నది. ఏండ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ రావచ్చును; వచ్చినచో నయము కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దానిని తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. కాని గల్లీలో కూర్చొని పలక కోయు మేస్త్రికి ఫ్యాక్టరీ ఏది?

తిన్నని కోతకు చేతి కట్టరు చాలునని నా అభిప్రాయము. అది టంగ్‌స్టన్ కార్బైడు చక్రముతో పైన గీటు పెట్టి, ఆ గీటు వెంట పలకను విరుచును. దుమ్ము స్వల్పము. “పోర్సిలిన్ తిన్నగా విరగదండీ” అందురు. సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిన పలక గట్టిదే. అయినను తప్పు తరచుగా అరిగిన చక్రానిది. సమమైన ఒత్తిడితో, ఈ అంచు నుండి ఆ అంచుకు ఒక్కసారే గీయవలెను. మరల గీచినచో విరుపు దారి తప్పును. చక్రము మొక్కవోగానే మార్చవలెను. పని ముగిసిన పిదప పట్టాల మీది పొడి తుడిచి, చక్రపు ఇరుసుకు చుక్క నూనె వేయవలెను.

మూల కోతకు, గొట్టపు రంధ్రమునకు మిషను తప్పదు. అచ్చట నీటితో కోయు మిషను మేలు.

చదువరులారా! వేలు పోసి పలకలు కొనువారము, కొత్త చక్రము ఖర్చు మేస్త్రిపై వేయక మనమే భరించుట న్యాయము. పని మొదలుకాక మునుపే ఆ మాట తేల్చుకొనుడు.